ఏవలాన్ రేవులో పడవ కట్టడం

మీరు లాస్ ఏంజిలస్ దగ్గర సముద్రం ఒడ్డున ఎప్పుడైనా నిలబడ్డారా? మంచు లేని రోజున నైరుతి వైపు చూడండి. దూరంగా నీలిరంగు కొండల వరస ఒకటి కనిపిస్తుంది. అది క్యాటలీనా దీవి. తీరానికి ఇరవై మైళ్లకు కాస్త పైన ఉంటుంది. ఆ దీవిలో ఉన్న చిన్న ఊరు ఏవలాన్. ఊరి ముందు అర్ధచంద్రంలా వంగిన రేవు ఉంది. రేవు మూల మీద 1929లో కట్టిన గుండ్రటి తెల్ల భవనం ఉంది. దాని పేరు క్యాసినో, కాని అందులో జూదం ఆడరు. సినిమా హాలు, పైన నాట్యశాల ఉన్నాయి.

లాంగ్‌బీచ్ నుంచి పెద్ద పడవ ఎక్కితే గంటలో ఏవలాన్‌లో దిగవచ్చు. టికెట్ కొనుక్కుని కూర్చుంటే చాలు. మీ పడవలో మీరే వెళ్తే మాత్రం అది వేరే ప్రయాణం. వేసవి శనివారం నాడు ఆ చిన్న రేవులో వందల పడవలు ఉంటాయి. వాటి మధ్యలోకి మీ పడవను తీసుకెళ్లి, ఎవరికీ తగలకుండా కట్టాలి. ఈ వ్యాసం ఆ పని గురించి. మీకు పడవ లేకపోయినా చదవండి. ఇందులో కొన్ని మంచి తెలుగు మాటలు దొరుకుతాయి. మన పెద్దల ఓడల సంగతి కూడా కొంచెం ఉంది.

ముందు మా సంగతి చెప్తాను. మా అమ్మ ఫిజీలో పుట్టింది. ఇప్పుడు శాక్రమెంటోలో ఉంటుంది. వాళ్ల తాత మద్రాసులో గిర్మిట్ ఓడ ఎక్కాడు. కలకత్తా నుంచి ఫిజీకి గిర్మిట్ ఓడలు 1879లోనే మొదలయ్యాయి. మద్రాసు నుంచి 1903లో మొదలయ్యాయి. 1916లో చివరి ఓడ వచ్చే సరికి అరవై వేల మందికి పైగా ఫిజీలో దిగారు. అందులో మన తెలుగువాళ్లు, తమిళులు, మలయాళీలు ఉన్నారు. ఐదేళ్లు చెరుకు తోటలో పని చేస్తామని ఒప్పందం. ఆ 'అగ్రిమెంట్' అనే మాటే వాళ్ల నోట 'గిర్మిట్' అయింది.

ఆ ముత్తాత ఓడ గురించి ఎక్కువ చెప్పేవాడు కాదట. దిగిన తర్వాత కూడా రెండు రోజులు కాళ్ల కింద నేల ఊగుతూనే ఉందని మాత్రం చెప్పేవాడట. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ సముద్రం జోలికి పోలేదు. ఫిజీ చుట్టూ సముద్రమే. అయినా మా తాతకు ఈత రాదు, అమ్మకూ రాదు. "నీళ్లతో మనకేం పని?" అనేది అమ్మ. నేను పెళ్లయ్యాక మా ఆయనతో కలిసి పడవ నడపడం నేర్చుకున్నాను. మూడేళ్ల క్రితం స్నేహితులతో వాటా వేసుకుని ఒక పాత తెరచాప పడవ కొన్నాం. ముప్ఫై అడుగుల పొడవు ఉంటుంది. అమ్మ ఆ మాట విని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అదే అమ్మ మొన్నటి వేసవిలో మాతో ఏవలాన్ వచ్చింది. మా అమ్మాయి పట్టుబట్టి తీసుకొచ్చింది. దానికి పద్నాలుగేళ్లు. అమ్మమ్మ తెలుగులో అడిగితే అది ఇంగ్లీషులో జవాబు చెప్తుంది. మీ ఇంట్లో కూడా ఇలాగే జరుగుతుందేమో.

ఇక పడవ మాటలు. పడవ ముందు భాగాన్ని పాత తెలుగులో 'అణియం' అంటారు. వెనక భాగం 'అమరం'. పడవను తిప్పేది 'చుక్కాని'. గాలిని పట్టేది 'తెరచాప'. నీళ్లలోకి దించి పడవను ఆపే ఇనుము 'లంగరు'. లావుపాటి తాడు 'మోకు'. ఓడలు ఆగే చోటు 'రేవు'. ఈ చివరి మాట గుర్తు పెట్టుకోండి. గోదావరి సముద్రంలో కలిసే చోట, కాకినాడకు దగ్గరలో, కోరంగి అనే రేవు ఉండేది. అక్కడి నుంచి ఓడలెక్కి వెళ్లిన తెలుగువాళ్లను బర్మాలోనూ మారిషస్‌లోనూ 'కోరంగీలు' అని పిలిచేవారు. ఆ దేశాల్లో మనవాళ్లకు ఒక రేవు పేరే జాతి పేరు అయిపోయింది.

ఇప్పుడు మీరు పడవలో ఉన్నారనుకోండి. పొద్దున్నే లాంగ్‌బీచ్ నుంచి బయలుదేరారు. తెరచాప పడవ ఐదు నాట్ల వేగంతో వెళ్తే దాదాపు ఐదు గంటలు పడుతుంది. దారిలో పెద్ద ఓడల దారులు దాటాలి. లాస్ ఏంజిలస్, లాంగ్‌బీచ్ రేవులు అమెరికాలో కంటైనర్ల వ్యాపారానికి అన్నిటికన్నా పెద్దవి. ఆ ఓడలు దూరంగా మెల్లగా కదులుతున్నట్టు కనిపిస్తాయి. నిజానికి చాలా వేగంగా వస్తాయి, తొందరగా ఆగలేవు. వాటికి ఎదురు వెళ్లకండి. వెనక నుంచి దాటండి.

అందరూ నడి సముద్రానికి భయపడతారు. కాని పడవవాళ్లను అడిగి చూడండి. ఎక్కువ దెబ్బలు తగిలేది రేవులోనే. సముద్రంలో చుట్టూ ఖాళీ ఉంటుంది. తప్పు చేసినా దిద్దుకోవడానికి సమయం ఉంటుంది. రేవులో చుట్టూ పడవలు, గొలుసులు, తాళ్లు, ఈత కొట్టే పిల్లలు. చివరి వంద గజాలే కష్టం. కాబట్టి రేవులోకి వెళ్లక ముందే, బయట ఖాళీ నీళ్లలో, పడవను నెమ్మది చేసి కింది పనులు ముగించండి.

మొదటిది, తెరచాపలు దించి కట్టేయండి. రేవులోకి ఇంజిన్ మీదే వెళ్లాలి. రెండోది, పడవకు రెండు వైపులా ఫెండర్లు వేలాడదీయండి. ఇవి గాలి నింపిన మెత్తటి దిండ్ల లాంటివి. పక్క పడవకు తగిలితే దెబ్బ అవి తింటాయి. మూడోది, వెనక చిన్న డింగీని లాక్కొస్తున్నారా? దాని తాడు పొట్టిగా చేసి దగ్గరగా కట్టండి. పొడుగ్గా వదిలితే ఆ తాడు పంకాలో చిక్కుకుంటుంది. పంకా అంటే పడవ కింద నీళ్లలో తిరిగే ప్రొపెల్లర్. నాలుగోది, కొక్కెం ఉన్న గెడ చేతికి అందేలా పెట్టుకోండి. తాళ్లు పట్టుకునేవాళ్లు చేతి తొడుగులు వేసుకోవాలి. ఐదోది, పిల్లలకు లైఫ్ జాకెట్ తొడగండి. కాలిఫోర్నియాలో కదులుతున్న పడవ మీద పదమూడేళ్ల లోపు పిల్లలకు అది తప్పనిసరి. మా ఇంట్లో డెబ్బై ఏళ్ల అమ్మకు కూడా తప్పనిసరి.

ఇంకో సంగతి. 2025 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో ఇంజిన్ ఉన్న పడవ నడిపే ప్రతి ఒక్కరి దగ్గరా బోటర్ కార్డు ఉండాలి. వయసు ఎంతైనా సరే. తెరచాప పడవ కూడా ఇంజిన్ మీద నడిచేటప్పుడు ఈ లెక్కలోకే వస్తుంది. పరీక్ష కష్టం కాదు. చదివితే రేవు మర్యాదలు సగం అర్థమవుతాయి.

ఇక ఏవలాన్ పద్ధతి చూద్దాం. మీరు గ్రీసు దీవుల బొమ్మలు చూసే ఉంటారు. హైడ్రా లాంటి చిన్న రేవులో పడవలన్నీ వీపు గట్టుకు ఆనించి, ముఖం నీళ్ల వైపు పెట్టి వరసగా నిలబడి ఉంటాయి. అక్కడ ముందు అణియం నుంచి లంగరు దించుతారు. తర్వాత వెనక్కి వెనక్కి వచ్చి, అమరం నుంచి రెండు తాళ్లు గట్టుకు కడతారు. వేసవిలో చోటు చాలక ఒక వరస ముందు ఇంకో వరస కూడా కడతారు. ఒకరి లంగరు గొలుసు మీద ఇంకొకరి గొలుసు పడుతుంది. పొద్దున బయలుదేరేటప్పుడు ఆ చిక్కులు విప్పుకోవడమే పెద్ద పని.

ఏవలాన్‌లో కూడా ఇంత రద్దీయే, కాని ఏర్పాటు వేరు. ఇక్కడ మీ లంగరు మీరు వెయ్యరు. రేవు అడుగున బరువైన దిమ్మలు, గొలుసులు ముందే వేసి ఉంచారు. ఇలాంటి కట్టు స్థలాలు మూడు వందలకు పైగా ఉన్నాయి. ఒక్కో దానికి ఒక నంబరు, నీళ్ల మీద తేలే ఒక బోయా ఉంటాయి. ప్రతి పడవనూ ముందూ వెనకా రెండు వైపులా కట్టాలి. అప్పుడు గాలి తిరిగినా పడవ గిరగిరా తిరగదు. అందుకే అంత దగ్గర దగ్గరగా అన్ని పడవలు పడతాయి. ఆ గొలుసుల మధ్య మీరు లంగరు వేస్తే అది ఎవరి గొలుసుకో పట్టుకుని రాదు. కాబట్టి లంగరు ముట్టుకోకండి.

రేవు ముఖం దగ్గర ఆగి, హార్బర్ పెట్రోల్‌ను పిలవండి. వాళ్లు వీహెచ్‌ఎఫ్ రేడియోలో 12వ ఛానెల్ మీద వింటారు. మీ పడవ పొడవు, ఎన్ని రాత్రులు ఉంటారు అని అడుగుతారు. వాళ్ల చిన్న పడవ మీ దగ్గరికే వస్తుంది. డబ్బు కట్టించుకుని, మీ పొడవుకు తగిన నంబరు ఇస్తారు. ముందు వచ్చినవాళ్లకు ముందు చోటు. కాబట్టి సెలవు రోజుల్లో పొద్దున్నే చేరుకోవడం మంచిది. నంబరు ఏ వరసలో ఉందో తెలియకపోతే అడగండి. సిగ్గు పడకండి. అడగనివాళ్లే వరసల మధ్య తప్పిపోయి అందరికీ అడ్డం పడతారు.

ఇప్పుడు అసలు పని. మీ నంబరు బోయా దగ్గరికి నడక కన్నా నెమ్మదిగా వెళ్లండి. వీలైతే గాలికి ఎదురుగా వెళ్లండి. అప్పుడు ఇంజిన్ వదిలేస్తే గాలే పడవను ఆపుతుంది. బోయా పక్కన నిలువుగా ఒక సన్నటి పొడుగు కర్ర తేలుతూ ఉంటుంది. దాన్ని వాండ్ అంటారు. అణియం మీద నిలబడినవాళ్లు ఆ కర్రను పట్టుకుని పైకి లాగాలి. దాని అడుగున సన్న తాడు, ఆ తాడు చివర లావుపాటి మోకు వస్తాయి. మోకు కొసన ఉచ్చు ఉంటుంది. ఆ ఉచ్చును అణియం మీద ఉన్న క్లీట్‌కు, అంటే రెండు కొమ్ముల ఇనుప దిమ్మకు, తగిలించాలి. సగం పని అయింది.

ఆ మోకు నుంచే ఇంకో తాడు నీళ్లలోకి దిగి ఉంటుంది. దాని పేరు శాండ్ లైన్. అది రేవు అడుగుకు దిగి, వెనక మోకు దాకా వెళ్తుంది. ఎప్పుడూ నీళ్లలో, ఇసకలో ఉంటుంది కాబట్టి బురద, నాచు, గవ్వలు పట్టి ఉంటాయి. తొడుగులు అందుకే. ఆ తాడును చేతుల్లోంచి జార్చుకుంటూ పడవ పక్కనే వెనక్కి నడవాలి. అమరం దగ్గరికి వచ్చాక గట్టిగా లాగితే వెనక మోకు పైకి వస్తుంది. దాని ఉచ్చును వెనక క్లీట్‌కు తగిలించి, బిగించాలి. పడవ రెండు మోకుల మధ్య నిలబడుతుంది.

ఒక్క సూత్రం మరవకండి. శాండ్ లైన్ చేతికి వచ్చిన దగ్గర నుంచి ఇంజిన్ న్యూట్రల్‌లోనే ఉండాలి. పంకా తిరగకూడదు. తాడు పంకాకు చుట్టుకుంటే ఇంజిన్ ఆగిపోతుంది, లేదా విరుగుతుంది. చుట్టూ పడవలు ఉండగా మీ పడవ ఎవరి చేతిలోనూ ఉండదు.

ఈ సూత్రం నాకు తెలుసు. పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను. అయినా ఆ రోజు మరిచిపోయాను.

చుక్కాని నా చేతిలో ఉంది. మా ఆయన ముందు ఉచ్చు తగిలించాడు. మా అమ్మాయి శాండ్ లైన్ పట్టుకుని వెనక్కి నడుస్తోంది. అమ్మ నా పక్కన కూర్చుని ఉంది. అంతలో పక్క నుంచి గాలి కొట్టింది. పడవ వెనక భాగం కుడి పక్క పడవ వైపు జరగడం మొదలుపెట్టింది. అది మా పడవ కన్నా పెద్దది, కొత్తది. నాకు గుండె ఝల్లుమంది. పడవను వెనక్కి తేవాలని ఇంజిన్ గేరులో వేశాను.

పక్క పడవ మీద ఒక ముసలాయన కాఫీ తాగుతూ కూర్చుని ఉన్నాడు. కప్పు కింద పడేసి లేచి "న్యూట్రల్! న్యూట్రల్!" అని అరిచాడు. నేను ఉలిక్కిపడి గేరు తీశాను. వెనక్కి తిరిగి చూస్తే శాండ్ లైన్ వదులుగా నీళ్ల మీద తేలుతూ, పంకా ఉన్న చోటికి బెత్తెడు దూరంలో ఉంది.

అదే క్షణంలో మా అమ్మాయి ఇంకో తప్పు చేసింది. పక్క పడవ దగ్గరికి వచ్చేస్తోందని, దాన్ని తన్ని ఆపడానికి కాలు బయటికి చాపింది. మా పడవ బరువు నాలుగు టన్నులు. ఆ పడవ ఇంకా ఎక్కువ. ఆ రెండింటి మధ్య ఒక పిల్ల కాలు.

"కాలు తియ్యి!"

అరిచింది అమ్మ. అంత గట్టిగా అరవడం నేను ఎప్పుడూ వినలేదు. మా అమ్మాయి కాలు వెనక్కి లాక్కుంది. మా ఆయన పరుగెత్తుకొచ్చి ఆ సందులో ఒక ఫెండర్ వదిలాడు. ముసలాయన అటు నుంచి ఇంకోటి వదిలాడు. రెండు పడవలూ ఆ దిండ్లకు మెత్తగా ఒత్తుకుని ఆగాయి. గీత కూడా పడలేదు. మేం తాడు లాగి, వెనక మోకు తగిలించి, బిగించాం. ఐదు నిమిషాల్లో అంతా అయిపోయింది. నా చేతులు మాత్రం గంట సేపు వణికాయి.

ఆ ముసలాయన దగ్గరికి వెళ్లి క్షమించమని అడిగాను. ఆయన నవ్వాడు. ఈ రేవులో పడవ కట్టడం వచ్చినవాళ్లంతా ఒకప్పుడు ఇలా భయపడినవాళ్లేనని చెప్పాడు.

రాత్రి పడుకునే ముందు మా అమ్మాయి ఒక మాట చెప్పింది. "అమ్మమ్మ అరిచినప్పుడు నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చుకోలేదు. కాలు దానంతట అదే వెనక్కి వచ్చింది" అంది. అది తెలుగులోనే చెప్పింది, తప్పులతో. నేను దిద్దలేదు.

కాబట్టి మీకు నా సలహా ఇది. రేవులోకి వెళ్లక ముందు ఇంట్లోవాళ్లందరూ కూర్చుని, ఎవరు ఏ పని చేస్తారో అనుకోండి. ఏ మాటలు వాడతారో కూడా అనుకోండి. ఇంజిన్ చప్పుడులో పొడుగు మాటలు వినపడవు. పొట్టి మాటలు కావాలి. మన భాషలో అవి చాలా ఉన్నాయి. పట్టు. వదులు. లాగు. ఆపు. చుట్టు. కట్టు. విప్పు. తియ్యి. తెలుగు నేర్చుకుంటున్న పిల్లలకు ఇవి మొదటి పాఠంలోనే వస్తాయి. మేం ఇప్పుడు పడవ మీద ఇవే వాడతాం. 'కట్టు' అంటే తాడు కట్టమని, 'చుట్టు' అంటే క్లీట్‌కు ఒక చుట్టు వేసి పట్టుకోమని. ఈ రెండింటికీ తేడా తెలిస్తే సగం పడవ పని వచ్చినట్టే.

ఇంకో మాట. పడవకూ పడవకూ మధ్య, పడవకూ గట్టుకూ మధ్య, చెయ్యి గాని కాలు గాని ఎప్పుడూ పెట్టకండి. ఫెండర్ పెట్టండి. లేకపోతే తగలనివ్వండి. గీత పడితే రంగు వేసుకోవచ్చు. మొదటిసారి కుదరకపోతే తాళ్లన్నీ వదిలేసి, అవి మునిగేదాకా ఆగి, బయటికి వెళ్లి మళ్లీ రండి. పెట్రోల్‌వాళ్లను సాయం అడగండి. రెండోసారి రావడం తప్పు కాదు. తొందరే తప్పు.

ఆ సాయంత్రం పడవ మీద అన్నం తింటూ అమ్మ ఫిజీ ఓడల సంగతి ఎత్తింది. మీలో ఫిజీవాళ్లకు సిరియా ఓడ పేరు తెలిసే ఉంటుంది. 1884లో కలకత్తా నుంచి వచ్చిన గిర్మిట్ ఓడ అది. మద్రాసు ఓడలు మొదలు కాక ముందు సంగతి. అన్ని సముద్రాలూ దాటి వచ్చి, మే 11వ తేదీ రాత్రి, సువా చేరువలో నసిలాయ్ రాతి దిబ్బ మీదికి ఎక్కింది. 59 మంది చనిపోయారు. దగ్గరి ఊళ్ల ఫిజీవాళ్లు వచ్చి ఎంతోమందిని కాపాడారు. నెలల తరబడి సముద్రం ఏమీ చెయ్యలేదు. రేవు ముందర ప్రాణాలు పోయాయి.

"వాళ్ల చేతిలో తాడు లేదు" అంది అమ్మ. ఓడను ఎవరు నడుపుతున్నారో, ఎక్కడ ఆపుతున్నారో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. సువా వచ్చినవాళ్లను కూడా ముందు నుకులావు అనే చిన్న దీవిలో దింపి, రోగాలు లేవని చూశాకే తోటలకు పంపేవారు. ఎప్పుడు దిగాలో, ఎక్కడ దిగాలో కూడా వేరేవాళ్ల మాటే. ఆ ముత్తాత మనవరాలు ఆ రోజు ఒక రేవులో కూర్చుని, తన మనవరాలిని "కాలు తియ్యి" అని ఆపింది. ఆ తర్వాత "ఇలా ఇవ్వు" అని తాడు కొస చేతిలోకి తీసుకుని, క్లీట్‌కు ఎలా చుట్టాలో మా అమ్మాయి దగ్గర నేర్చుకుంది. చీకటి పడేదాకా కట్టింది, విప్పింది, మళ్లీ కట్టింది.

మీరు వెళ్లే ముందు ఇంకో రెండు సంగతులు చెప్పాలి.

ఒకటి గాలి. ఏవలాన్ రేవు ముఖం ఈశాన్యం వైపు ఉంది. మామూలు రోజుల్లో గాలి పడమటి నుంచి వస్తుంది కాబట్టి దీవి కొండలు అడ్డం ఉంటాయి. కాని శరత్తులోనూ చలికాలంలోనూ ఎడారి నుంచి శాంటా ఆనా అనే గాలి వీస్తుంది. అది నేరుగా రేవులోకే వస్తుంది, దానితో పాటు కెరటాలూ వస్తాయి. 2014 డిసెంబరు 30 రాత్రి అలాంటి గాలిలోనే ఏవలాన్‌లో పడవలు తాళ్లు తెంచుకుని ఒడ్డుకు కొట్టుకుపోయాయి. ఇద్దరు చనిపోయారు. కాబట్టి బయలుదేరే ముందే వాతావరణం వినండి. ఈశాన్య గాలి వస్తుందంటే వెళ్లకండి. అక్కడ ఉండగా తెలిస్తే, రాకముందే బయటపడండి. దీవికి అవతలి వైపు ఉన్న క్యాట్ హార్బర్‌కు ఆ గాలి నుంచి కొండల అడ్డు ఉంది. మంచి మోకులు, మంచి ముళ్లు గాలిని తెలుసుకోవడం తర్వాతే.

రెండోది మర్యాద. పడవ కట్టగానే పెట్రోల్ మనిషి మీ పడవ ఎక్కి, మరుగుదొడ్డిలో ఒక రంగు బిళ్ల వేస్తాడు. ఆశ్చర్యపోకండి. అందరికీ వేస్తారు. మీరు మురికి నీళ్లు రేవులోకి వదిలితే ఆ రంగు మీ పడవ చుట్టూ నీళ్లలో కనిపిస్తుంది. జరిమానా వేసి పంపించేస్తారు. మా అమ్మకు ఈ ఏర్పాటు చాలా నచ్చింది. "మన ఊరి చెరువులకు కూడా ఇలాంటి బిళ్ల ఒకటి ఉంటే బాగుండేది" అంది.

బయలుదేరేటప్పుడు ముందు వెనక మోకు వదలండి. శాండ్ లైన్ అడుగుకు మునిగేదాకా ఆగండి. తర్వాత ముందు మోకు వదలండి. అదీ మునిగాక, చుట్టూ తాడు లేదని చూసుకున్నాకే ఇంజిన్ గేరులో వెయ్యండి. అక్కడ కూడా తొందర పనికిరాదు.

ఈ దీవికి మన కన్నా చాలా ముందు టోంగ్వా ప్రజలు వచ్చారు. వాళ్లు దీన్ని పిము అని పిలిచేవారు. చెక్క పలకలను తాళ్లతో కుట్టి, సందుల్లో తారు పూసిన పడవల్లో ఈ నీళ్లే దాటేవారు. మద్రాసు తీరంలో అలలు దాటించే మసూలా పడవలు కూడా అలాగే తాడుతో కుట్టినవే. ఇది చెప్తే మా అమ్మాయి, "అయితే రెండు చోట్లా తాడే" అంది.

మేం ఆదివారం మధ్యాహ్నం ఏవలాన్ వదిలాం. అణియం మీద మా అమ్మాయి, అమరం దగ్గర మా ఆయన, చుక్కాని దగ్గర నేను. అమ్మ నా పక్కనే నిలబడి ఉంది. వెనక తాడు మునిగింది. ముందు తాడు మునిగింది. నేను గేరు మీద చెయ్యి వేశాను.

"ఆగు," అంది అమ్మ. వంగి నీళ్లలోకి రెండు వైపులా చూసింది. తర్వాత తల ఊపింది.

"ఇప్పుడు పోనియ్యి."